పాటల సర్వర్ కోసం నాలుగు నెలలు



పోయిన నెల ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, మీ ఇంట్ల పాటల సర్వర్ పెట్టినవంట కదా, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని. ఒక్క పేరు చెప్పి ఊరుకుందామనుకున్నా. కానీ ఆ పేరు తేల్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలల్లో ఒక తప్పు కూడా చేసిన. అది చెప్పకుండా పేరు ఒక్కటే చెప్తే బాగుండదు. పోస్ట్ పొడుగైంది, అన్నం తినొచ్చి తీరిగ్గా చదవండి.

తెలియనివాళ్ల కోసం ముందు ఒక మాట. ఇంట్లో ఒక కంప్యూటర్‌లో పాటలన్నీ ఉంటాయి. అదే వైఫైలో ఉన్న ఏ ఫోన్ నుంచైనా వెతుక్కుని వినొచ్చు. యూట్యూబ్ లాగే, కాకపోతే పాటలు మన ఇంట్లో ఉంటాయి. రౌటర్‌లో నెట్ లేకపోయినా ఇంటి చుట్టుపక్కల పనిచేస్తది. మా ఊరికి కావల్సింది అదే. మాది దుమ్ముగూడెం వైపు కోయ గూడెం, సిగ్నల్ కావాలంటే చెరువు కట్ట ఎక్కాలి.

పాటలు ఎక్కడివంటే, మా మండలంలో సెల్ షాపు అన్న ఒకాయన ఉండేవాడు. మెమరీ కార్డు ఇస్తే ఇరవై రూపాయలకు నిండా పాటలు ఎక్కించేవాడు. ఇప్పుడు కార్డులు నింపించుకునేవాళ్లు లేరు, షాపు తీసేస్తూ "నువ్వు కంప్యూటర్ సదువుతున్నవ్ కదా" అని హార్డ్ డిస్క్ నాకు ఇచ్చేశాడు. సినిమా పాటలు, జానపదాలు, డీజేలు, భజనలు అన్నీ కలిపి 67 వేలు. దానికి మా పెదనాయన క్యాసెట్లు కలిపిన. తర్వాత మా చుట్టుపక్కల ఐదు ఊళ్ల పిల్లల ఫోన్ల నుంచి భూమి పండుగ, కొత్తల పండుగ, పెళ్లిళ్లలో రికార్డు చేసిన రేల పాటలు, డోలి కథలు తీసుకున్న. అవి 4,300. మొత్తం 71 వేల పైన ఫైళ్లు, 640 జీబీ. కంప్యూటర్ అంటే సీనియర్ అన్న వదిలేసి పోయిన ల్యాప్‌టాప్. స్క్రీన్ పగిలింది, ర్యామ్ 4 జీబీ. సర్వర్‌కి స్క్రీన్ ఎందుకు? బ్యాటరీ ఇంకా గంట ఆగుతది, కరెంటు పోయినా పాట ఆగదు. అమ్మ మొదట అడిగింది బిల్లు గురించే. 20 వాట్లనుకుంటే రోజంతా పెట్టినా అర యూనిట్, నెలకు పద్నాలుగు పదిహేను యూనిట్లు అని లెక్క చెప్తే "ఫ్యాను కంటే తక్కువేనా" అని ఒప్పుకుంది.

ఇక సాఫ్ట్‌వేర్లు. జూన్‌లో మొదలుపెట్టిన.

ప్లెక్స్ పేరు అందరూ చెప్తారు. చూడ్డానికి అందంగా ఉంటది, పాటలకి వేరే యాప్ కూడా ఉంది. కానీ మొదలుపెట్టాలంటే వాళ్ల దగ్గర అకౌంట్ తెరిచి సైన్ ఇన్ అవ్వాలి. ఇంటి వైఫైలో లాగిన్ లేకుండా వినేలా ఒక సెట్టింగ్ ఉంది నిజమే. అయినా మా అవ్వ పాడింది మా అమ్మ వినడానికి మధ్యలో ఎక్కడో ఒక కంపెనీ ఎందుకో నాకు అర్థం కాలేదు. పక్కన పెట్టేసిన.

జెల్లీఫిన్ పూర్తిగా ఉచితం. 2018 చివర్లో ఎంబీ వాళ్లు కోడ్ మూసేస్తే దాని నుంచి విడిపోయి వచ్చింది. సినిమాలు కూడా పెట్టుకునేవాళ్లకు ఇదే మంచిదంటా. ఎవరికి ఏ లైబ్రరీ కనపడాలో మనిషి మనిషికీ పెట్టుకోవచ్చు. కానీ 4 జీబీ ల్యాప్‌టాప్‌కి పాటల కోసమే అంత బరువు ఎందుకనిపించింది.

లిరియన్ పాతది. ముందు లాజిటెక్ మీడియా సర్వర్ అనేవారు, అంతకు ముందు స్లిమ్‌సర్వర్. వేల వేల పాటలు పెట్టుకునే పెద్దవాళ్లు చాలామంది దీన్ని వదలరు, ఫోల్డర్ ప్రకారం చూసే వీలు కూడా ఉంది. ఇది ఇంట్లో గదికొక ప్లేయర్ పెట్టి సౌండ్ పంపడానికి పుట్టిన పద్ధతి. మాకున్నవి ఒక గది, ఒక వసారా, నాలుగు ఫోన్లు. గోనిక్ చాలా తేలిక, నిజంగా ఫోల్డర్ల ప్రకారమే చూపిస్తది, కానీ బ్రౌజర్‌లో పాట వినే పేజీ లేదు, ప్రతి ఫోన్‌లో యాప్ వేయాలి.

నావిడ్రోమ్ ఒకటే ఫైలు, దించి నడిపిస్తే 4533 పోర్టులో పేజీ తెరుచుకుంటది. డేటాబేస్ కూడా చిన్న ఎస్‌క్యూలైట్ ఫైలే. పాట ఫైళ్లను చదువుతది తప్ప వాటిలో ఏమీ మార్చదు, ఇది నాకు ధైర్యం. సబ్‌సోనిక్ భాష మాట్లాడుతది కాబట్టి అల్ట్రాసోనిక్ లాంటి ఉచిత యాప్‌లు ఏవైనా దీనికి కలుస్తాయి. మొదటి స్కాన్‌కి మా పాత యూఎస్‌బీ డిస్క్ మీద ఒక రాత్రి దాటింది. తర్వాత కొత్త పాటలు వేస్తే నిమిషాల్లో అయిపోతది. 71 వేల పాటల్లో వెతికినా ఆగలేదు.

ఇంత బాగుంటే అక్కడే ఆగాలి కదా. ఆగలేదు, ఎందుకంటే పొద్దున లేచి చూస్తే సినిమా పాటలన్నీ వరసగా ఉన్నాయి (ఆల్బమ్ పేరు చోట ఏదో వెబ్‌సైట్ పేరుతో, అది వేరే కథ), మన 4,300 మాత్రం "అన్‌నోన్ ఆర్టిస్ట్" కింద కుప్పగా పడి ఉన్నాయి. తెలియని కళాకారుడు. మా అవ్వ, మా మామ, పక్క ఊరి డోలి తాతలు, అందరూ కలిపి ఒకే ఒక్క తెలియని మనిషి. తెల్లారి ఐదింటికి ఆ మాట చూసి నాకు కోపమొచ్చింది. డోలి పట్టుకుని సమ్మక్క సారలమ్మల కథ, ఇలవేల్పుల కథలు పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చిందని మనమే ఈ గ్రూపులో సంబరం చేసుకున్నాం. ఆయన 2024లో పోయారు. ఆయనలాగ పాడే వాళ్లు ఫైల్లో తెలియని కళాకారులా?

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. అది ఫైల్ లోపలి ట్యాగులు చదివి, ఆర్టిస్ట్, ఆల్బమ్, సంవత్సరం ప్రకారం పేరుస్తది. మన ఫైళ్లలో ట్యాగులే లేవు. వాట్సాప్ పెట్టిన "ఏయూడీ" అనే పేరు, తారీఖు, నంబరు, అంతే. కొన్నిటికి షాపులో ఎవరో పాత పద్ధతి ట్యాగు పెట్టారు. ఆ పాత ట్యాగులో పాట పేరుకి 30 బైట్లే చోటు. తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తింటది, అంటే పది గుర్తులకే పేరు తెగిపోతది. "కొత్తల పండుగ" అని రాసేలోపే చోటు అయిపోతది.

అయినా నేను సాఫ్ట్‌వేర్ మీదే పడ్డ. ఫోల్డర్ చూపించేది దొరికితే ట్యాగుల పని తప్పుతదని జులై అంతా ఒకటి తీసి ఒకటి వేసుడే. ప్రతిసారీ మళ్లీ రాత్రంతా స్కాన్. హాస్టల్ నుంచి రెండు వారాలకోసారి ఇంటికి పోయి ఇదే పని. వాటిల్లో ఒకటి ఇంటర్నెట్ నుంచి బొమ్మలు తెచ్చే పద్ధతిది. ఆ సెట్టింగ్ నేను ఆపలేదు. మా అత్త పేరు ట్యాగులో పెడితే, అదే పేరున్న ఎవరో పెద్ద గాయని బొమ్మ తెచ్చి పెట్టింది. ఇంట్లో అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

మా చిన్నవ్వ ఏటి అవతల ఊళ్లో ఉండేది. మా వైపు రేల పాటకి మొదట గొంతు ఎత్తేది ఆమే. గొంతు విని, ఇది ఫలానా ఊరి ఫలానా పిల్ల, ఇది ఆమె మేనత్త దగ్గర నేర్చుకున్న పాట అని చెప్పగలిగేది. జూన్‌లోనే అమ్మ అన్నది, "ల్యాప్‌టాప్ తీస్కపోయి చిన్నవ్వకు వినిపించు, పేర్లు రాసుకో" అని. సర్వర్ పూర్తిగా సెట్ అయినంక తీసుకుపోతా, ఫోన్‌లోనే అన్నీ వినిపిస్తా అన్న. సెప్టెంబర్‌లో జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. అప్పటికి నేను గోనిక్, నావిడ్రోమ్‌లలో ఏది ఎక్కువ మెమరీ తింటదో పట్టిక రాసుకుంటున్న.

ఆ పట్టిక ఇంకా నా నోట్‌బుక్‌లో ఉంది. చింపలేదు.

దినం అయినంక నావిడ్రోమ్‌నే ఉంచి, మా సొంత అవ్వ దగ్గర కూర్చున్న. అవ్వకు చదువు రాదు, ఆమె చెప్తే నేను రాసుడు. మొదటి రోజే పంచాయితీ. "అవ్వా, ఇది పాడింది నువ్వే కదా, ఆర్టిస్ట్ అని నీ పేరు పెడతన్న" అంటే, "పాట నాదెట్లయితదిరా, ఊరిది. నేను ఎత్తిన, అంతే" అన్నది. రెండు రోజులు ఆలోచించిన. ట్యాగుల్లో ఆర్టిస్ట్ వేరు, ఆల్బమ్ ఆర్టిస్ట్ వేరు. నావిడ్రోమ్ ఆల్బమ్‌లను పేర్చేటప్పుడు ఆల్బమ్ ఆర్టిస్ట్‌ని చూస్తది.  మనకు అదే పనికొచ్చింది. ఆల్బమ్ ఆర్టిస్ట్ దగ్గర ఊరి పేరు పెట్టిన. ఆల్బమ్ దగ్గర పండుగ, సంవత్సరం. ఆర్టిస్ట్ దగ్గర పాట ఎత్తినవాళ్లు, వాళ్లు ఒప్పుకుంటేనే. జానర్ దగ్గర రేల, డోలి, పెళ్లి పాట, నాట్ల పాట. కామెంట్ గడిలో ఎవరి ఫోన్‌ది, ఎవరు గుర్తుపట్టారు. ఇప్పుడు ఫోన్‌లో ఆర్టిస్టుల పేజీ తీస్తే మన ఊళ్ల పేర్లు వరసగా వస్తాయి. అవ్వ చూసి ఇది బాగుందన్నది.

ఫైల్ పేరులో ఉన్న తారీఖు కూడా సాయం చేసింది. జూన్ నెల మొదట్లో ఒకే రోజు వచ్చిన పది పదిహేను ఫైళ్లుంటే అది ఆ ఏటి భూమి పండుగే. ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి పాడుతూ పైసలు అడిగే చప్పుడు, బండి హారన్, అన్నీ వినిపిస్తాయి. కాకపోతే అది ఫోన్‌కి వచ్చిన తారీఖు, పాడిన తారీఖు కాదు. ఎవరైనా పాతది మళ్లీ పంపితే తప్పు పడతది. రెండు మూడు చోట్ల నాకు అట్లనే అయింది.

ఇంకో సంగతి. ఇలవేల్పుల పాటలు కొన్ని వేల్పు కొలుపు దగ్గరే పాడతారు, మామూలు రోజు ఇంట్లో పెట్టుకుని వినేవి కావు. పెద్దలు అవి వద్దన్నారు. వాటికి వేరే లైబ్రరీ చేసి ముగ్గురికే కనపడేలా పెట్టిన. నావిడ్రోమ్ కొత్త వెర్షన్లలో ఆ వీలు ఉంది. సర్వర్‌ని బయటి ఇంటర్నెట్‌కి తెరవలేదు. హాస్టల్ నుంచి వినలేనని కొందరు ఫ్రెండ్స్ నవ్వారు. వినకపోతే ఏమైతది, ఇంటికి పోయినప్పుడు వింటా.

ట్యాగులు పెట్టడానికి ఎంపీ3ట్యాగ్ వాడుతున్న, ఒకేసారి ఫోల్డర్ అంతా మార్చొచ్చు. పాట విని దానంతట అదే పేరు పెట్టే పికార్డ్ సినిమా పాటలకు బాగా పనిచేసింది. మనవాటికి ఏమీ దొరకదు, ఆ జాబితాలో మనం లేం. మార్చే ముందు ఇంకో డిస్క్‌లో మొత్తం కాపీ పెట్టుకోండి, ఇది మర్చిపోవద్దు.

కాబట్టి తమ్ముడూ, నీ పాటలకి ట్యాగులు సరిగ్గా ఉంటే నావిడ్రోమ్ పెట్టు. ట్యాగులు లేక ఫోల్డర్లు బాగుంటే గోనిక్ పెట్టు. సినిమాలు కూడా ఉంటే జెల్లీఫిన్. ఏదో ఒకటి ఒక్క ఆదివారంలో పెట్టేసి, సోమవారం మీ అవ్వ దగ్గర కూర్చో.

4,300లో ఇప్పటికి 960 అయినాయి. అవ్వకు చెవి కొంచెం తగ్గుతోంది, రోజుకి ఇరై, ముప్పై కంటే ఎక్కువ వినలేదు. ఆమెకు తెలియనివి 112 వేరే పెట్టిన. వాటిలో ఒకటి 2019 జూన్ 11 నాడు వచ్చింది, రెండు నిమిషాలే ఉంది. ఒక పెద్దామె ఒక్కతే ఎత్తుతుంది, వెనక కోడి కూత, మధ్యలో ఒక పిల్ల కోయలో ఏదో అడిగితే ఆమె పాట ఆపకుండానే కసిరింది. చర్ల వైపు యాస లాగ ఉందని అవ్వ అంటది. ఆడియో గ్రూపులో పెట్టొచ్చో లేదో ఆమె ఇంటివాళ్లను అడక్కుండా నాకు తెలియదు, అందుకే పెట్టట్లేదు. చర్ల, వెంకటాపురం వైపు వాళ్లు ఎవరైనా ఈసారి భద్రాచలం వస్తే నాకు మెసేజ్ పెట్టండి, నా ఫోన్‌లో ఉంది, ఇయర్‌ఫోన్ పెట్టి వినిపిస్తా.