తెరచాప పలకకు తగిన బండి: మందిర్ హసౌద్ నుంచి విశాఖ తీరానికి

రాయ్‌పూర్ నగరానికి తూర్పున, సంబల్‌పూర్ వైపు సాగే 53వ నంబరు జాతీయ రహదారి పక్కన మందిర్ హసౌద్ ఉన్నది. ఉద్యోగరీత్యా ఛత్తీస్‌గఢ్‌కు వచ్చే తెలుగువారిలో చాలామందికి ఈ ఊరి పేరు మొదట రైలు కిటికీలోంచే పరిచయమవుతుంది. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా రాయ్‌పూర్ చేరే మార్గంలో, గమ్యం ఇక దగ్గరపడిందని సామాను సర్దుకునే వేళకు వచ్చే స్టేషను ఇది. ఆ మార్గంలో పార్వతీపురం, రాయ్‌పూర్‌ల నడిమి భాగం 1931లో పూర్తయింది. 1933లో విశాఖ రేవు ప్రారంభమయింది. సముద్రం లేని ఈ ప్రాంతపు సరుకుకు సముద్ర ద్వారం తెరచినది ఆ జంట నిర్మాణాలే. కనుక మందిర్ హసౌద్‌కూ విశాఖకూ ఉన్న చుట్టరికం నేటిది కాదు.

ఇది సరుకుల ఊరు. చమురు డిపోల ముందు ట్యాంకర్ల వరుసలు, ఆహార ధాన్యాల గిడ్డంగుల ముందు బస్తాల లారీలు ఇక్కడి నిత్య దృశ్యాలు. కాసేపు రోడ్డు పక్కన నిలిచి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. ఏ వాహనమైనా దానిలోకి ఎక్కే సరుకును బట్టి రూపు దిద్దుకున్నదే. ద్రవానికి గుండ్రని తొట్టి, బస్తాకు ఎత్తయిన చెక్క పక్కలు, ఇనుప కడ్డీలకు పొడవాటి ట్రెయిలరు. మా కుటుంబానికి ఒక బండి కొనవలసి వచ్చినప్పుడు ఈ పాఠమే మాకు అక్కరకు వచ్చింది. మా సరుకు కాస్త విచిత్రమైనది: ఒక తెరచాప పలక, మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడ, వారితోపాటు మేమిద్దరం, మా అమ్మాయి.

పలక సంగతి

విండ్‌సర్ఫింగ్ అనే క్రీడను మన పాఠకులు టెలివిజనులో చూసే ఉంటారు. నీటిపై తేలే పలకకు ఒక తెరచాపను అమర్చి, దానిపై నిలబడి, గాలిని చేతులతో పట్టి నడిపే ఆట అది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1968లో హోయల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్ అనే ఇద్దరు మిత్రులు దీనికి పేటెంటు కోరారు. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో చోటు దొరికింది. ఆ ఏడాది నవంబరులోనే మన దేశంలో మారుతీ వ్యాన్ రోడ్డెక్కింది. తర్వాత ఓమ్నీ అన్న పేరుతో ఇంటింటికీ తెలిసిన బండి అదే. పలకా వ్యానూ ఒకే ఏడాది వెలుగులోకి వచ్చినా, ఆ రెండింటికీ పొత్తు కుదరడం మాత్రం అంత సులభం కాదని మాకు తర్వాత తెలిసింది.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఈబాద్ అలీ ఈ విభాగంలో కాంస్య పతకం సాధించారు. అదే పోటీలలో చిన్న తెరచాప పడవ విభాగంలో రజతం గెలిచిన నేహా ఠాకూర్ భోపాల్ సరస్సుపై శిక్షణ పొందిన అమ్మాయి. సముద్రం చూడకుండా పెరిగినవారు కూడా తెరచాప పట్టవచ్చునని మా అమ్మాయికి ధైర్యం కలిగింది ఆ వార్తలతోనే. గోవాలో సెలవులు గడిపినప్పుడు ఓనమాలు నేర్చుకున్నది. ఆపైన ఒకరు వాడి వదిలిన సామగ్రిని చవకగా సంపాదించాము. ఈబాద్ అలీ పోటీ చేసిన ఆర్ఎస్ ఎక్స్ తరగతి పలకే అది. పొడవు 286 సెం.మీ., వెడల్పు 93 సెం.మీ., బరువు 15.5 కిలోలు. దానికి తోడు రెండు ముక్కలుగా విడదీయగల 460 సెం.మీ. తెరచాప కొయ్య, చుట్టగా చుట్టిన చాప, చేతితో పట్టుకునే కమ్మీ, నీటి అడుగున ఉండే రెక్క, ప్రాణరక్షక కోటు.

ఇందులో బరువైనది ఏదీ లేదు. చిక్కంతా పొడవుతోనే. బియ్యం బస్తా ఎక్కడైనా ఒదుగుతుంది. తెరచాప కొయ్య ఒదగదు. చాపను మడవరాదు, మడిస్తే పారదర్శకమైన పొర గీటుపడి పగులుతుంది.

వెదురు కర్ర పరీక్ష

బండ్ల అమ్మకందారులు మైలేజీ చెబుతారు, సీట్ల సంఖ్య చెబుతారు. లోపల ఎంత పొడవు వస్తువు పడుతుందో చెప్పేవారు అరుదు. అందుచేత బజారులో ఒక వెదురు కర్ర కొని, కొయ్యలో సగం పొడవుకు, అంటే 230 సెం.మీ.కు కోయించాము. ఎక్కడ బండి చూసినా వెనుక తలుపు తెరచి ఆ కర్రను లోపలికి పోనిచ్చాము. చూసినవారు నవ్వారు. నవ్వినా, మా ప్రశ్నకు నిమిషంలో జవాబు చెప్పినది ఆ కర్రే.

ముందుగా పాత ఓమ్నీని చూశాము. దాని తయారీ 2019లో ఆగిపోయింది, కాని వాడిన బండ్లు ఇంకా దొరుకుతాయి. దాని మొత్తం పొడవు 337 సెం.మీ. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటి మిస్ట్రల్ పలక పొడవు 372 సెం.మీ. అంటే బండికంటే పలకే పొడవు! మన పలక అంతకంటే పొట్టిదే అయినా, పైకప్పు మీద దాదాపు బండి అంతా పరచుకుంటుంది.

తరువాతిది 2010 నుంచి వస్తున్న ఈకో, పొడవు 367.5 సెం.మీ. పక్కకు జరిగే తలుపు, చదునైన పైకప్పు, అందుబాటు ధర దాని సుగుణాలు. ముగ్గురు మనుషులు, ఒక పలక అయితే ఇంతకంటే పొదుపైన బండి అక్కరలేదని మా అభిప్రాయం. అయితే గ్యాసు సిలిండరు అమర్చిన రకం తీసుకునేవారు వెనుక చోటు తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. ఎత్తయిన, తేలికైన ఇటువంటి బండి పైకప్పు మీద పలక కట్టినప్పుడు పక్కగాలికి ఊగుతుంది. వేగం తగ్గించక తప్పదు. టాటా వింగర్, ఫోర్స్ ట్రావెలర్ వంటివి నాలుగైదు కుటుంబాలు కలిసి క్రీడా బృందంగా వెళ్లడానికి అనువైనవి. ఒక్క కుటుంబానికి రోజువారీ బండిగా అవి పెద్దవి.

ఈ లెక్కల నడుమ అమ్మగారు ఒక మాట అన్నారు. ఈకో నడిమి సీటులో ఆవిడను కూర్చోబెట్టి, పక్కనుంచి వెదురు కర్రను ముందుకు పోనిచ్చి చూస్తున్నాము. ఆవిడ కాళ్లు ముడుచుకుని, "పోనీలేవే తల్లీ, నేను వంగుతాను. నీ కర్ర వంగదుగా" అన్నారు మనవరాలితో. అమ్మాయి ఏమీ అనలేదు. కర్ర బయటికి లాగి, "ఇది కాదు నాన్నా, ఇంకొకటి చూద్దాం" అన్నది.

అప్పుడు స్థిరపడింది మా నియమం. సామాను కోసం మనిషి సర్దుకునే బండి మనకు వద్దు. ముందు మనుషులందరినీ సుఖంగా కూర్చోబెట్టి, ఆ తరువాత మిగిలిన చోటును కొలవాలి. ఖాళీ బండిలో కొలిచిన కొలత కొలత కాదు.

ఆ నియమం ప్రకారం చివరకు నిలిచినది వాడిన ఇన్నోవా క్రిస్టా. మన దేశానికి 2016లో వచ్చిన ఈ బండి పొడవు 473.5 సెం.మీ. నడిమి వరుసలో విడివిడిగా రెండు కుర్చీలుండే రకాన్ని ఎంచుకున్నాము. ఆ రెండు కుర్చీల నడుమ ఒక సన్నని దారి ఉంటుంది. వెనుక వరుస సీట్లను పక్కలకు మడిచి కట్టేస్తే, వెనుక తలుపు నుంచి ఆ దారి వెంట కొయ్య ముక్కలు, చాప చుట్ట చక్కగా పడుకుంటాయి. నలుగురికీ నాలుగు సీట్లు మిగిలాయి. మెట్టు కాస్త ఎత్తు కనుక అమ్మగారి కోసం ఒక చిన్న పీట బండిలోనే ఉంచాము. ఖర్చు మేమనుకున్నదానికంటే ఎక్కువైంది. ఇంటికి రంగులు వేయించడం మరుసటి ఏడాదికి వాయిదా పడింది.

కౌసల్యమ్మ గుడికి తొలి ప్రయాణం

కొత్తగా వచ్చిన బండిలో తొలి ప్రయాణం చంద్‌ఖురీకి. మందిర్ హసౌద్‌కు చేరువలోనే ఉన్న ఈ గ్రామం కౌసల్యాదేవి పుట్టినిల్లని ఇక్కడివారి విశ్వాసం. ప్రాచీన దక్షిణ కోసల రాజ్యం ఈ ప్రాంతమే. చెరువు నడుమ ఉన్న చిన్న ఆలయంలో అమ్మవారు బాలరాముణ్ణి ఒడిలో ఉంచుకుని దర్శనమిస్తుంది. 2021లో ఆలయ పరిసరాలను అభివృద్ధి చేశారు. ప్రతి ఉదయం మన ఇళ్లలో వినిపించే సుప్రభాతం కౌసల్య పేరుతోనే మొదలవుతుంది కదా! ఆవిడ పుట్టింటికి ఇంత దగ్గరలో కాపురముంటున్నామని అమ్మగారు పరవశించారు.

తిరుగుదారిలో నవ రాయ్‌పూర్ క్రికెట్ మైదానం వైపు వెళ్లాము. 2023 జనవరిలో భారత్, న్యూజిలాండ్ జట్ల వన్డే పోటీ జరిగిన మైదానమిది. సమీపంలోని సేంధ్ జలాశయపు నీటిని చూడగానే అమ్మాయి కళ్లు మెరిశాయి. కాని ఏ జలాశయంలోనైనా సంబంధిత అధికారుల అనుమతి లేనిదే దిగరాదు. వేసవి సాయంత్రాలలో ఈ ప్రాంతాన హఠాత్తుగా వచ్చే ఉరుముల గాలివానలో తెరచాప పట్టుకుని నీటిపై ఉండటం ప్రాణాపాయం.

ఘాట్ రోడ్డు మీద

సంక్రాంతి సెలవులకు విశాఖ బయలుదేరాము. అభన్‌పూర్, ధమ్‌తరీ, కాంకేర్ మీదుగా 30వ నంబరు జాతీయ రహదారిపై దాదాపు 300 కి.మీ. వెళితే జగదల్‌పూర్. ధమ్‌తరీ వద్ద పక్కకు తిరిగితే మహానదిపై గంగ్రేల్ జలాశయం వస్తుంది. 1979 నాటి ఈ ఆనకట్ట వెనుక సముద్రాన్ని తలపించే నీరు, అక్కడ పర్యాటకులకు జలక్రీడలు ఉన్నాయి. కాంకేర్ దాటిన తరువాత కేశ్‌కాల్ ఘాట్‌లో పన్నెండు మలుపులు. బస్తర్ పీఠభూమికి అదే వాకిలి.

పలక కట్టిన తీరు సరైనదో కాదో ఆ మలుపులు తేల్చి చెబుతాయి. మేము పాటించిన పద్ధతి ఇది. పైకప్పుపై రెండు అడ్డకమ్మీలు బిగించి, వాటికి మెత్తని తొడుగులు వేశాము. బండితో ఇచ్చిన పుస్తకంలో పైకప్పు మోయగల బరువు చూసుకున్నాము. పలకను బోర్లించి కట్టాము. అలా కడితే పైకి వంగి ఉండే దాని ముక్కు కిందికి తిరిగి, ఎదురుగాలి అడుగున దూరి లేపదు. సాగే రబ్బరు తాళ్లు వాడక, కట్టు ఉన్న బిగింపు పట్టీలు వాడాము. పట్టీకి ఒక మెలిక వేస్తే గాలికి అది రొద చేయదు. బయలుదేరిన 20 కి.మీ. తరువాత ఒకసారి ఆగి మళ్లీ బిగించాలి. లోపలి కొయ్య ముక్కలను కుర్చీల అడుగు కమ్మీలకు కట్టివేయాలి. లేకుంటే గట్టిగా బ్రేకు వేసిన క్షణాన అవి ఈటెల్లా ముందుకు దూసుకొస్తాయి.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, అనుమతించిన హద్దు మీరి సరుకు పక్కలకో, ముందు వెనుకలకో, పైకో పొడుచుకు వస్తే 20,000 రూపాయల జరిమానా. పొడవైన బండి ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణమే.

జగదల్‌పూర్‌లో ఆ రాత్రి బస చేసి, మరునాడు జయపురం, కోరాపుట్ దాటి, సుంకి ఘాట్ దిగి సాలూరు చేరాము. తెలుగు బోర్డులు కనిపించగానే అమ్మగారు ఒక్కొక్కటీ పైకి చదవసాగారు. రాయ్‌పూర్–విశాఖల నడుమ 464 కి.మీ. ఆరు వరుసల రహదారి ప్రణాళికలో ఆంధ్ర భాగానికి 2022 నవంబరులో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. అది అందుబాటులోకి వస్తే ఈ రెండు రోజుల ప్రయాణం ఎంతో తగ్గుతుంది.

గాలి తిరిగేవరకు

2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ తీరానికి తెల్లవారగానే చేరాము. గాలి చక్కగా వీస్తున్నది, కాని నేలమీదినుంచి సముద్రంలోకి. అటువంటి గాలిలో ఒడ్డున నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవారిని మాత్రం తెలియకుండానే లోపలికి తీసుకుపోతుంది. రెండు రోజులు ప్రయాణించి తెచ్చిన పలక ఇసుకలో ఉన్నది. అమ్మాయి తొందరపడలేదు. పొద్దెక్కి నేల వేడెక్కిన తరువాత గాలి సముద్రం నుంచి ఒడ్డుకు తిరుగుతుందని తనకు తెలుసు. అంతవరకు నాన్నమ్మ పక్కన కూర్చుని వేరుశనగకాయలు ఒలిచింది.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. ఒడ్డున కాపలా ఉన్న రక్షకులను అడిగి, వారు చూపిన హద్దులోనే నీటిలోకి దిగింది. నాలుగుసార్లు పడింది. అయిదవసారి చాప నిండింది, పలక కదిలింది. పీట మీద కూర్చున్న అమ్మగారు చేతిని నుదుటికి అడ్డుపెట్టుకుని, ఆ చాప మళ్లీ ఒడ్డు చేరేవరకు చూపు తిప్పలేదు.

సాయంత్రం సామగ్రినంతా మంచినీటితో కడిగి, ఆరబెట్టి, అప్పుడే బండిలోకి ఎక్కించాము. ఉప్పునీరు బండి అడుగును తినేస్తుంది. ఎండలో మూసి ఉంచిన బండిలో పలకను వదలడమూ మంచిది కాదు. మన సంస్థ కుటుంబాలలో ఇటువంటి అభిరుచి గల పిల్లలున్నవారు బండి కొనబోయే ముందు ఒక వెదురు కర్ర కోయించుకుని, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వెళ్లాలని మా మనవి. ఇంట్లోని పెద్దలను సుఖంగా కూర్చోబెట్టిన తరువాత కూడా ఆ కర్ర పట్టిందా, అదే మీ బండి.