కడుపునొప్పే కదా అనుకున్నాం

ఇది మా తమ్ముడి కొడుకు సంగతి. వాణ్ని అడిగి, వాడు సరేనన్నాకే రాస్తున్నాను.

2021లో వాడికి 19 ఏళ్లు. రోజుకు నాలుగైదు విరేచనాలు, తిన్నాక కడుపులో మెలిపెట్టే నొప్పి. వేడి చేసిందన్నాం, బయటి తిండి అన్నాం. రక్తం కనబడితే మొలలన్నాం. మొలల మందు తెచ్చిచ్చింది నేనే. అక్కకు సంబంధాలు చూస్తున్న రోజులవి, అందుకని వాడి జబ్బు మాట గడప దాటనివ్వలేదు. మన షోలాపూర్‌లో ఒక మగ్గం కాడ చెప్పిన మాట సాయంత్రానికి పేటంతా తిరుగుతుంది కదా! ఎనిమిది నెలల్లో 62 కిలోల పిల్లాడు 47కు దిగాడు.

అప్పుడు స్కోపీ చేయించాం. చిన్నపేగు పెద్దపేగు కలిసేచోట పుండ్లున్నాయి. టీబీ అన్నారు, ఆరు నెలలు మందులు మింగాడు. మొదట కొంచెం నయమనిపించింది. మళ్లీ స్కోపీ చేసి చూద్దామని ఎవరూ అనలేదు, మేమూ అడగలేదు. ఒక రాత్రి కడుపు ఉబ్బి, ఆగని వాంతులు. హైదరాబాద్ తీసుకుపోతే పేగు సన్నబడి మూసుకుపోయిందని ఆపరేషన్ చేసి ఒక ముక్క తీసేశారు. అది క్రోన్స్ జబ్బు.

అక్కడి డాక్టరు ఓపికగా చెప్పారు. క్రోన్స్, పేగు టీబీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి ముందు దాన్ని అనుమానించడం తప్పు కాదు. కానీ టీబీ మందు మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు పుండ్లు మానుతున్నాయో లేదో స్కోపీతో చూసుకోవాలి. క్రోన్స్‌లో పేగు గోడ లోలోపల వాచి, వాచి గట్టిపడుతుంది. వాపును మందు తగ్గిస్తుంది, గట్టిపడ్డ మచ్చను పెద్దగా మార్చలేదు.

ఆయనే బ్రిటన్‌లో చేసిన ప్రొఫైల్ అనే పరిశోధన గురించి చెప్పారు. 2024లో అచ్చయింది. కొత్తగా క్రోన్స్ తేలిన 386 మందిలో సగం మందికి మొదట్లోనే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్, దానికి తోడు మరో మందు ఇచ్చారు. మిగతా సగానికి జబ్బు తిరగబెట్టినప్పుడల్లా ఒక్కో మెట్టు పెంచారు. ఏడాది దగ్గరపడేసరికి స్టెరాయిడ్ లేకుండా, ఆపరేషన్ లేకుండా నిలకడగా ఉన్నవాళ్లు మొదటి గుంపులో 79 శాతం, రెండో గుంపులో 15 శాతం. కడుపు కోయాల్సి వచ్చింది ఒకవైపు ఒక్కరికి, ఇంకోవైపు పది మందికి. ఆ లెక్క విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మొలల మందు సీసాయే కళ్లముందు.

అందరికీ అదే ఇంజెక్షన్ కావాలని కాదు. ఇచ్చేముందు లోపల టీబీ దాగి ఉందేమో పరీక్ష చేయాలి. మన దేశంలో తయారయ్యే బయోసిమిలర్లతో ధర తగ్గింది, అయినా మగ్గం మీద బతికే ఇంటికి బరువే. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష మాత్రం సులువు, పేగులో వాపుందో లేదో చాలావరకు తెలుస్తుంది. ఇంకొకటి, బీడీ. క్రోన్స్ ఉన్నవాళ్లకు పొగ విషమే. బీడీలు చుట్టి బతికిన ఇల్లు మాది, అయినా చెప్పక తప్పదు.

మీ ఇంట్లో ఎవరికైనా వారాల తరబడి విరేచనాలు, రక్తం, బరువు తగ్గడం ఉంటే పేగుల డాక్టరుకు చూపించండి. తోడు కావాలంటే నాకు ఫోన్ చేయండి, పేరు బయటకు రానివ్వను.

అక్క పెండ్లి అయింది. వియ్యంకులకు అన్నీ ముందే చెప్పాం, వాళ్లు ఏమీ అనుకోలేదు. వాడికి ఎనిమిది వారాలకోసారి ఇంజెక్షన్, ఇప్పుడు 58 కిలోలు. వచ్చే బుధవారం మళ్లీ హైదరాబాద్ పోవాలి. ఈసారి ఒక్కడే పోతానంటున్నాడు, వాళ్లమ్మ మాత్రం నన్ను కూడా రైలెక్కమంటోంది.