బందరు సందెవేళలు

మా యింటి స్త్రీలము నలుగురము మాఘమాసమున నొకనాటి యుదయమున గుడివాడలో బందరు బండి యెక్కితిమి. వరికోతలు ముగిసిన చేలలో మినుము, పెసర పచ్చగా పరచుకొనియుండెను. గుడ్లవల్లేరు, కవుతరము దాటి పెడన చేరునప్పటికి మాలో చిన్నది, "అద్దకపు బట్టలు చేయునది యిచ్చటనేనా?" యని యడిగెను. ఔను, ఇచ్చటనే. ఈ సీమ యద్దకపు బట్టలే నాలుగువందల యేండ్ల క్రిందట తెల్లవారిని సముద్రములు దాటించి యీ తీరమునకు రప్పించినవి. వారు కాపురమున్న పేటలను చూచుటకే మేము బయలుదేరితిమి. కోటను గూర్చియు, సమాధులను గూర్చియు వ్రాసినవారు పెక్కురు గలరు. ఆ పరదేశులు ప్రొద్దుగ్రుంకిన పిదప నెట్లు కాలము పుచ్చిరో, ఆ తావులు మనవారి వశమైన పిమ్మట నేమయ్యెనో, అందు స్త్రీలకు దక్కిన పాలెంతయో తెలిసికొనవలెనని మా కోరిక.

బందరనగా పారసీక భాషలో రేవు. గోలకొండ కుతుబుషాహీల యేలుబడిలో నిది ఆ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. 1605 ప్రాంతమున డచ్చివారు, 1611లో గ్లోబు అను నోడపై నింగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు వచ్చి యిచ్చట కొఠీలు పెట్టిరి. హాలెండువారిని మనవారు వలందులనిరి, ఫ్రెంచివారిని పరాసులనిరి. మనుష్యులు వెడలిపోయినను ఊరు వారి పేర్లను విడువలేదు. వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము అనునవి నేటికిని బందరులో పేటలే.

ఆ కొఠీలలో నుండినవారు చాలవరకు పెండ్లికాని పడుచువారు. ఓడలు గాలిని నమ్ముకొని నడచిన కాలమది. గాలి తిరుగువరకు నెలల తరబడి కాచుకొనియుండవలెను. పగలు సరకుల లెక్కలతో గడచును. ప్రొద్దుగ్రుంకినంతనే తల్లి లేదు, ఆలు లేదు, పిల్లలు లేరు, పలుకరించుటకు తెలిసిన భాష లేదు. ఇట్టివారికి పానపాత్రయే చుట్టమయ్యెను.

దీనికొక వింత సాక్ష్యము గలదు. నేడు ప్రపంచమంతట విందులలో వాడుకయందున్న పంచి యను పానీయము పేరు ఇంగ్లీషు వ్రాతలలో మొట్టమొదట గానవచ్చునది 1632 సెప్టెంబరు 28వ తేదీగల యొక జాబునందు. ఆ జాబు చేరవలసిన తావు మరెచ్చటనో లేదు. కృష్ణకు ఆవలి ప్రక్కనున్న పెట్టపోలి కొఠీ, అనగా నేటి నిజాంపట్నము! సారా, చక్కెర, నిమ్మరసము, సుగంధద్రవ్యము, నీరు అను నైదింటి కలయిక యగుటచే మన 'పంచ' శబ్దమునుండియే దాని కాపేరు వచ్చెనని పెక్కురి మతము. సోదరీమణులారా, శ్రీరామనవమినాడు మనము చేయు పానకమును తలచుకొనుడు. దానిలో సారా పోసినచో నెట్లుండునో పంచి యించుమించుగా నట్టిదే. నిమ్మపండు మన పెరటిది, తాటికల్లు మన కాలువగట్టుది. వాని కలయిక మాత్రము పరదేశి యొంటరితనముది.

త్రాగుడు ముదిరి కొట్లాటలు పెరుగగా కంపెనీ పెద్దలు కట్టడులు చేసిరి. 1679లో బంగాళపు కొఠీల కొరకు చేసిన యట్టి కట్టడిలో నొక నియమము గలదు: రాత్రి తొమ్మిదింటికి తలుపులు మూయువేళ లోపల లేనివాడు తగిన కారణము చూపనిచో పది రూపాయలు దండుగ నిచ్చుకొనవలెను, ఆ సొమ్ము బీదలకు జెందును. పురుషుడు వేళకు ఇల్లు చేరవలెనని కాగితముపై వ్రాసిన ఆ నియమమును పాఠకురాండ్రు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. దాని పని ముందు గలదు.

ఆ పేటలు మనవారికి తెలియనివా? తెలిసినవే, కాని పెరటి త్రోవన తెలిసినవి. దుబాసీలు, పల్లకి మోయు బోయీలు, పడవవారు, చాకళ్ళు, నీరు మోయువారు, వంటవారు అచ్చటికి నిత్యము పోవుచు వచ్చుచుండిరి. దీపము వెలిగించుట వారి పని. ఆ దీపము క్రింద గూర్చుండుట దొరల పని. ఇక కల్లు తెచ్చినవాని యింట, గిన్నెలు తోమినదాని యింట ఆ రాత్రి యెట్లు గడచెనో వ్రాసి పెట్టినవారు లేరు.

కాలము మారినది. 1759 ఏప్రిలులో నొక రాత్రి కర్నలు ఫోర్డు సైన్యము బురదనేలల మీదుగా వచ్చి బందరుకోటను ముట్టడించి తెల్లవారునప్పటికి ఫ్రెంచివారినుండి గైకొనెను. అటుపిమ్మట నూరేండ్లకు పైగా కోటలో ఇంగ్లీషు పటాలము విడిసియుండెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపాను రేగి, సముద్రము పొంగి ఊరిమీదికి వచ్చెను. సుమారు ముప్పదివేలమంది మృతినొందిరని లెక్క. పిమ్మట పటాలము వెడలిపోయెను. దొరల వేడుకలును పోయెను. మిగిలినవి కోటలోని పాడుగోడలు, డచ్చివారి శ్మశానములోని చెక్కడపు రాతిపలకలు. ఆ పలకలమీద కులచిహ్నములు నేటికిని చెక్కుచెదరక యున్నవి.

పరదేశి పోయెను గాని సారా పోలేదు. కంపెనీవారు, వారి పిమ్మట దొరతనమువారు దుకాణములను వేలము వేసి రాబడి దీయ మరిగిరి. దొరల బల్లమీది పానీయము కూలివాని పూరింటికి చేరెను. పరదేశుల రాత్రిలో మన పురుషులు మొట్టమొదట కనుగొన్నది అదియే యని చెప్పుటకు మాకు సిగ్గగుచున్నది. మేలైన సందెవేళలు లేకపోలేదు. 1902లో పుట్టిన కృష్ణాపత్రిక కార్యాలయమున సాయంకాలము ముట్నూరి కృష్ణారావుగారి చుట్టు పండితులు, కవులు, గాయకులు చేరెడి గోష్ఠికి దర్బారని పేరు. తెలుగునాట నంతటి సరస గోష్ఠి అరుదు. కాని ఆ వేళకు వారి యిండ్లలోని స్త్రీలు పొయ్యియొద్ద నుండిరి.

మేము పరాసుపేటకు వెళ్ళునప్పటికి సందె పడుచుండెను. అచ్చట ఫ్రెంచివారి జాడ యేదియు మాకు గోచరింపలేదు. తులసికోటలయొద్ద దీపములు, అరుగులమీద పుస్తకములు తెరచుకొన్న పిల్లలు, పూలబుట్ట నెత్తిన పెట్టుకొని కేకవేయు పడుచు. అరుగుమీద కూర్చున్న యొక వృద్ధురాలిని, "అవ్వగారూ, ఈ పేటకా పేరెట్లు వచ్చినది?" అని యడిగితిమి. "పరశురాముడు తపస్సు చేశాడేమోనమ్మా, మేమెరుగుదుమా! మేము కాపరానికి వచ్చేటప్పటికే ఆ పేరుంది" అని నవ్వినది. మాకును నవ్వు వచ్చినది. పేరునకు మూలము తెలియకున్నను పేట ఆమెది. చీకటి పడినను ఆమె అరుగుమీదనుండి లేవవలసిన పని లేదు. పరదేశుల పేటను నిక్కముగా గెలిచినవారు ఫోర్డుగారి సైనికులు కారు, ఈ యవ్వయే యని మాకు దోచినది.

మరునాటి సాయంకాలము మంగినపూడి తీరమునకు బోయితిమి. బందరునుండి ఆటోలో కొంతసేపటి ప్రయాణము. ఇచ్చట ఇసుకకంటె నల్లని బంకమట్టి యెక్కువ. పాదములు మెత్తగా దిగబడును. మన పూర్వులు సముద్రమునకు పోయినది కార్తికపూర్ణిమకో మాఘపూర్ణిమకో స్నానము చేయుటకే. ఊరక గాలికి కూర్చుండుటకు తీరమునకు బోవుట దొరల యలవాటు. ఇపుడది మనదైనది. కుటుంబములతో వచ్చినవారు, కెరటముల కెదురేగి వెనుకకు పరుగెత్తు పిల్లలు, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని మోకాలిలోతు నీళ్ళలో నిలుచున్న నడివయసు గృహిణులు! వారి నవ్వులు విని మా ప్రయాసము ఫలించినదనుకొంటిమి.

మన తీరమున ప్రొద్దు వెనుక గ్రుంకును. ముందుగా చీకటి పడునది సముద్రముమీదనే. నీరు నల్లబడినంతనే ఎవరో గంట కొట్టినట్లు స్త్రీలందరును లేచి పిల్లలను కేకవేసిరి. అరగంటలో తీరమున పురుషులు మాత్రమే మిగిలిరి. అపుడు మాకు 1679నాటి నియమము స్ఫురణకు వచ్చినది. ఆ పడుచు దొరలకు తొమ్మిది గంటలు గడువు, తప్పినచో దండుగ. అది కాగితముమీద నుండెను. మన గడువు ఆరుగంటలు. దానిని వ్రాసినవారు లేరు, తప్పినవారికి దండుగ యెంతయో చెప్పినవారును లేరు. అయినను అందరమును దానిని పాటింతుము. నాడు త్రాగువానిని లోపల పెట్టి తలుపు మూసిరి. నేడు త్రాగనివారము మనమే లోపలికి బోయి తలుపులు మూసికొనుచున్నాము.

లేవనివారు కొందరుండిరి. బజ్జీలు వేయు ఒకామె మాతో నిట్లనెను: "చీకటి పడితే మీబోటివారు వెళ్ళిపోతారమ్మా. మేము పొయ్యి ఆరేదాకా ఉండాల్సిందే. ఆ తరువాత వచ్చేవాళ్ళ చేతుల్లో సీసాలుంటాయి. వాళ్ళు కొనకపోతే మాకు గడవదు. వాళ్ళుంటే మాకు భయం. మీరు ఇంకో గంట కూర్చుంటే మాకు బేరమూ ఉండును, ధైర్యమూ ఉండును." మేము తలలు వంచుకొంటిమి. తొందరపడి యిండ్లకు బోవుటచే ఆమెను ఆ చీకటిలో నొంటరిగా విడిచిపోవుచున్నామని అంతకుముందు మాకెన్నడును తోచలేదు. ఆనాడు మరియొక గంట కూర్చుంటిమి. మమ్ము జూచి మరి రెండు కుటుంబములు నిలిచినవి.

మూడవనాడు కూచిపూడి మీదుగా దివిసీమకు బోయితిమి. పూర్వము కూచిపూడి భాగవతులు ఊరూర రాత్రి తెల్లవార్లు వీధిలో ఆడెడివారు. చాపలు పరచుకొని, నిద్రపోవు పిల్లలను ఒడిలో నుంచుకొని, తల్లులు తెల్లవారువరకు సత్యభామ జడను జూచుచుండెడివారు. అది మన దేశపు రాత్రివేడుక. దానికి సారా అక్కరలేదు. అందును లోపము లేకపోలేదు: భామ వేషమును పురుషుడే కట్టెడివాడు. ఇపుడు బాలికలు అచ్చటనే ఆట నేర్చుకొనుచున్నారు. ఎట్లైనను వీధిలో స్త్రీ కూర్చుండుటచేతనే ఆ రాత్రికి మర్యాద వచ్చినది.

కృష్ణ సాగరమున గలియు హంసలదీవిలో మాఘపూర్ణిమకు పందిళ్ళు వేయుచుండిరి. పండుగకు ముందటి రాత్రియే వేలకొలది స్త్రీలు వచ్చి, తెల్లవారుజామున సంగమస్నానము చేయుదురు. ఈ సీమ స్త్రీలకు సముద్రమనిన భయపడుటకు కారణము గలదు: 1977 నవంబరు 19వ తేదీనాటి యుప్పెన ఇచ్చట వేలకొలది ప్రాణములను గొనిపోయెను. అట్టి సముద్రమునొద్దకే వారు చీకటిలో, గుంపులుగా, పాటలు పాడుకొనుచు మరల వత్తురు. కెరటమునకు వెరవనివారు సీసాకు వెరవనేల? వేలమంది గూడియుండుటయే వారి ధైర్యము.

ఈ ధైర్యము దేశమునకు క్రొత్త కాదు. 1991, 1992 సంవత్సరములలో నెల్లూరుజిల్లా దూబగుంటలోను, చుట్టుప్రక్కల యూళ్ళలోను అక్షరములు నేర్చుకొన్న కూలిస్త్రీలు సారాదుకాణములను మూయించిరి. వారి పట్టుదలచే 1993 అక్టోబరు 1న సారా, 1995 జనవరిలో సమస్త మద్యములును నిషేధింపబడెను. మద్యనిషేధము 1997లో సడలింపబడిన మాట నిజమే. శాసనము నిలువకపోవచ్చును, స్త్రీలు కలిసి నిలిచినచోటు పూర్వమువలె నుండదనుట మాత్రము ఋజువైనది.

బందరు రేవు మరల కట్టబడుచున్నది. 2023 మే నెలలో క్రొత్త రేవునకు శంకుస్థాపన జరిగినది. ఓడలు వచ్చును, వానితో తల్లికి, ఆలికి దూరమైన పడుచువారు వత్తురు. వారికి సందెవేళ గడువవలెను. అందుకై పేటలు వెలయును. వారిని ద్వేషింపనక్కరలేదు; నాటి పరదేశివలె వారును ఒంటరులే. కాని ఆ పేటలు మరల మనకు పెరటిత్రోవన తెలియరాదు. తీరమున దీపములు, త్రాగునీరు, స్త్రీలకు మరుగుదొడ్లు, రాత్రి తొమ్మిదింటివరకు ఊరికి బస్సు, ఇవి ఆదినుండియే యుండవలెనని మన పట్టణపు పెద్దలను అడుగుదము.

అడుగుటతో తీరదు, పోవలెను. సోదరీమణులారా, బందరు పోయినపుడు పదిమంది కలిసి తీరమునకు బొండు. ప్రొద్దుగ్రుంకినంతనే లేవకుడు. బజ్జీల పొయ్యిదగ్గర ఆమె యుండును. మరియొక గంట కూర్చుండుడు.