నిద్రలేమి – నిదానము

వైద్యశాస్త్రమున నిదానమనగా రోగకారణము. మన వాడుకలో నిదానమనగా తొందరపడకుండుట. నిద్రపట్టనివారికి ఈ రెండును వలయునని మా యభిప్రాయము. కారణమును తొలగించుటయే చికిత్సలో మొదటి మెట్టని ఆయుర్వేదము నిదానపరివర్జనమను మాటచే బోధించుచున్నది. అయినను నిద్రరాలేదనగానే మాత్రకై చేయి చాచువారే కాని, ఏల రాలేదని యడుగువారు మన యిండ్లలో అరుదు.

మా మేనకోడలొకతె రెండవ కాన్పు పిదప మాసములతరబడి నిద్రలేక కృశించినది. పడుకొన్నంతనే పిక్కలలో ఏదో ప్రాకినట్లుండి, కాళ్లు కదల్పక తాళలేక, లేచి వసారాలో పచారు చేయుచుండెడిది. నడచినంతసేపు నెమ్మది, పడుకొన్న మరల అదే బాధ. అత్తగారు గాలి సోకినదనిరి. భర్త మనోవ్యాధి యనెను. జలుబుమాత్ర వేసికొన్నచో మత్తు వచ్చునని యెవరో యిచ్చిరి. దానితో బాధ హెచ్చినది. తుదకొక వైద్యురాలు, “రాత్రివేళ కాళ్లెట్లుండునమ్మా?” అని యడిగి, రక్తము పరీక్షింపజేసి, శరీరమున ఇనుము నిల్వలు అడుగంటినవని తేల్చినది. ఇనుము మాత్రలతో కొన్ని మాసములకు కాళ్లు కుదుటపడినవి. నిద్ర తనంతట వచ్చినది.

ఈ వ్యాధిని 1672లోనే థామస్ విల్లిస్ అను ఆంగ్లవైద్యుడు వర్ణించెను. 1945లో ఎక్బామ్ అను స్వీడన్ వైద్యుడు దీనికి ‘కుదురులేని కాళ్లు’ అను అర్థము గల పేరిడెను. ఇనుము కొరత దీనికొక ముఖ్యకారణము. జలుబునకును దురదకును వాడు మత్తుమాత్రలలో కొన్ని దీనిని పెంచును. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15–49 ఏండ్ల స్త్రీలయందు రక్తహీనత ఆంధ్రప్రదేశమున 58.8 శాతము, తెలంగాణమున 57.6 శాతము. వీరందరికిని ఈ బాధ యుండదు. కాని యందరును తినినపిదప మిగిలినది తిని, దానిపై టీ త్రాగి కడుపు నింపుకొను ఇల్లాలి రక్తమున ఇనుమెట్లు నిలుచును?

కారణములు మరికొన్ని కలవు. గురకపెట్టుచు ఊపిరాగి ఉలికిపడి లేచువాని వ్యాధి వేరు. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయువాని వ్యాధి వేరు. సాయంకాలపు కాఫీ సారము అయిదారు గంటలకును సగము దేహముననే యుండవచ్చును. నిద్రలేమి దీర్ఘకాలము పాతుకొన్నచో, మందుకంటె ముందు పడక అలవాట్లను, నిద్రను గూర్చిన భయమును సరిదిద్దు చికిత్స నీయవలెనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అను వైద్యుల సంఘము 2016లో సిఫారసు చేసినది.

కావున చదువరులు తమ యింటి స్త్రీలను రాత్రి యెట్లు గడచినదని యడుగుదురు గాక. పరీక్ష చేయింపక ఇనుము మాత్రలు మ్రింగింపవలదు. భోజనమునకు మాత్రము వారిని నేటినుండియే తమ ప్రక్కన కూర్చుండబెట్టుకొనవచ్చును. అందులకు వైద్యుని యనుమతి యక్కరలేదు.