మీరా, మీలో కొందరా?

దుబాసి ప్రక్కన నిలువగా జరుగు ప్రసంగమును నీవు ఎప్పుడైనను వినియుందువు. పరదేశపు బోధకుడు ఒక వాక్యము ఇంగ్లీషులో చెప్పి ఆగును. ప్రక్కవాడు దానిని తెలుగు చేయును. సంఘము చూచునది బోధకుని నోటి వంక కాదు, ప్రక్కవాని నోటి వంక. వాడు తప్పినయెడల ఆ తప్పుమాటనే దేవుని మాటగా మూటగట్టుకొని ఇంటికి పోవుదురు. నేను అట్టి తప్పు ఒకటి చేసితిని.

గురజాల ప్రాంతమున ఒక పల్లె సంఘములో అది జరిగినది. ఊరి పేరు వ్రాయను. సాగరు కుడి కాలువ నీటి వంతు దగ్గర ఇద్దరు విశ్వాసులకు మాటా మాటా పెరిగి, ఆ రెండు ఇండ్లవారు ఒకరి గుమ్మము ఒకరు త్రొక్కుట మానియుండిరి. పంతము ఎంత దూరము పోవునో కారెంపూడి వీరుల గుడి చూచిన పల్నాటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. అతిథిగా వచ్చిన బోధకుడు ప్రభురాత్రి భోజనమునకు ముందు మత్తయి సువార్త 5వ అధ్యాయము, 23, 24 వచనములను తీసికొని మాటలాడెను. ప్రసంగము నడుమ ఆయన ‘దోజ్ ఆఫ్ యు హూ’ అని ఒక వాక్యము మొదలుపెట్టెను. సహోదరునితో తగవున్నవారు ముందుగా అతనియొద్దకు పోవలెనని దాని భావము. నా చెవికి ‘యు’ అనునదియు, దాని వెంటనే ‘హూ’ అనునదియు గట్టిగా తగిలినవి. తొందరపడి, “సహోదరునితో తగవు పెట్టుకొనిన మీరు, అతనియొద్దకు పోవువరకు ఈ బల్లయొద్దకు రాకుడి” అంటిని.

నా తప్పు నీకు తెలియుటకు ఇంగ్లీషు నడక కొంచెము చెప్పవలెను. వారి ‘దోజ్’ వట్టి గంప వంటిది. ‘వారు’ అని చూపునే గాని, ఏ వారో చెప్పదు. దాని వెనుక ‘హూ’ వచ్చి ఆ గంపను నింపును. ‘ఎనీవన్ హూ’, ‘ఎవ్రీవన్ హూ’, ‘ఆల్ హూ’ అనునవియు అంతే. ముందు గంప, తరువాత సరకు. మన తెలుగులో సరకు ముందు, గంప తరువాత. ‘విత్తినవాడు’, ‘విత్తిన ప్రతివాడు’, ‘విత్తినవారందరు’ అందుము. ‘హూ’ అను మాటకు మనకు వేరుగా మాటయే లేదు, ‘విత్తిన’ అనుటలోనే అది ఇమిడిపోయినది. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణములో దీనిని ధాతుజ విశేషణమనెను. బందరులో పనిచేసిన ఆర్డెను దొరగారు 1873లో తమ దేశస్థుల కొరకు తెలుగు వ్యాకరణము వ్రాసినప్పుడు దీనిని శ్రద్ధగా నేర్పవలసి వచ్చెను. ‘ఎవడు విత్తునో వాడు’ అని చెప్పుటయు మనకు ఉన్నది గాని, అది గ్రంథములలోను ప్రసంగములలోను ఎక్కువ, అరుగుల మీద తక్కువ.

అయితే చిక్కు ఎక్కడ? ‘నరసరావుపేటలో ఉన్న మా అన్న’ అని నేను చెప్పితిననుకొనుము. నాకు ఒక్క అన్నయా, నలుగురిలో నరసరావుపేట అన్నయా? తెలుగు మాట ఈ సంగతి చెప్పదు. ఇంగ్లీషువాడైతే వ్రాతలో ఒక కామాతో, మాటలో చిన్న విరామముతో తేల్చివేయును. నేను ‘తగవు పెట్టుకొనిన మీరు’ అన్నప్పుడు మీరందరును తగవులాడినవారే అయిరి. ‘మీలో తగవున్నవారు’ అనవలసినది. ఒక్క ‘లో’ పోయినది. మరియొక తప్పు కూడ ఉన్నది. ఆయన ఇప్పుడు ఉన్న తగవును గూర్చి చెప్పెను, నేను ‘పెట్టుకొనిన’ అని తీరిపోయిన తగవులను కూడ త్రవ్వితిని.

1812లో శ్రీరాంపురమున తెలుగు సువార్తలు అచ్చయిన నాటినుండి తర్జుమాచేయువారు ఈ రేవు దాటుచునే ఉన్నారు. 1849లో గురజాల చేరిన హయ్యరు దొరగారును దీనిని దాటియే మన పెద్దలతో మాటలాడియుండవలెను. వారి కష్టము నాకు ఆ దినమున తెలియలేదు. ప్రసంగము బాగుగా సాగినదని సంతోషించితిని.

రెండు మాసములు గడచిన తరువాత ఒక అవ్వ బల్లయొద్దకు వచ్చుటలేదని ఉపదేశిగారు చెప్పిరి. ఆమె ఎవరితోను గొడవ ఎరుగని మనిషి. పోయి చూడగా నాపరాళ్ల అరుగు మీద కూర్చుండి మిరపకాయల తొడిమలు తీయుచుండెను.

“నువ్వే గదా నాయనా చెప్పింది, తగువు పెట్టుకున్న మీరు అని. నేనెవరితో పెట్టుకున్నానా అని రాత్రులు ఆలోచించా. మాచర్లలో మా తోడికోడల్ని ఒకప్పుడు ఒక మాట అన్నా. ఆఖర్న దానికి గంజి పోసింది నేనే, మట్టి వేసింది నేనే. ఇప్పుడు పోయి ఎవరితో సమాధానపడను?”

నా నోట మాట రాలేదు. “అవ్వా, అది బోధకుని మాట కాదు, నా తప్పు. ఆయన మీలో కొందరిని అన్నాడు, నేను అందరినీ అన్నాను” అంటిని. ఆమె తొడిమ తీయుట ఆపి నా వంక చూచెను.

“అయితే ఎవరికి తగలాల్నో వాళ్లిద్దరూ ఆ పూట రొట్టె తీసుకున్నారు గదా నాయనా?”

తీసికొనిరి. అందరినీ అన్నమాట గనుక వారికి తగులలేదు. నేరమున్నవాడు గుంపు చాటున నిలిచెను, నేరము లేని ముసలిది ఆ దెబ్బ తినెను. ప్రభువు మాత్రము ఆ రెండు వచనములలో ‘మీరు’ అనలేదు, ‘వారు’ అనలేదు, ఒక్కొక్కనితో ‘నీవు’ అనియే పలికెను. నేను ఆ సంగతి అప్పటికి ఎన్నిసార్లు చదివియుంటినో!

మరుసటి ఆదివారము పాదిరిగారి సెలవు తీసికొని సంఘము ఎదుట నిలిచి, నా తప్పు ఒప్పుకొని, ఆ వాక్యమును సరిచేసి చెప్పితిని. “మీలో తగవున్నవారు” అన్నప్పుడు ఎవరి వంకను చూడకుండుటకు చాల ప్రయాసపడితిని. ఆ దినమున బల్ల ఉన్నది. నీటి వంతువారిలో పెద్దవాడు తువ్వాలు భుజాన వేసికొని బయటికి పోయి వేపచెట్టు క్రింద నిలువబడెను. రెండవవాడు చాలసేపు తల వంచుకొని కూర్చుండి, పాట మొదలైన తరువాత లేచెను, బల్ల వైపు కాదు, తలుపు వైపు. అవ్వ తన చోటనే, ముందు వరుసలో, చేతులు చాచి కూర్చుండెను.