చేయి చాచిన రంపం

పిల్లలూ, వడ్రంగి రంపంతో చెక్క కోస్తుంటే మీరు చూసే ఉంటారు. నేను చెప్పబోయే రంపానికి ఒక చేయి ఉంది! దాని పేరు రేడియల్ ఆర్మ్ సా. 1922లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో రేమండ్ డివాల్ట్ అనే ఆయన దాన్ని తయారుచేశాడు.

కోత మిల్లులో గుండ్రని రంపం ఒకచోటనే తిరుగుతుంటుంది. చెక్కను దాని మీదికి తోస్తారు. ఇందులో అలా కాదు. బల్ల వెనక ఒక స్తంభం, దానిపై ముందుకు చాచిన ఇనుప చేయి, ఆ చేతికి వేలాడే మోటారు, మోటారుకు రంపం బిళ్ళ ఉంటాయి. చెక్క కదలదు. మనమే పిడి పట్టుకుని రంపాన్ని మనవైపు లాగుతాం.

నేను న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నప్పుడు, పొరుగున ఉన్న ముసలాయన 1950ల నాటి ఇలాంటి రంపాన్ని నాకు ఇచ్చేశాడు. నేనూ మా మనవడూ దాని తుప్పంతా గీకాం. కుళ్ళిన బల్ల చెక్క మార్చాం. పొట్టు రాలిపోతున్న కరెంటు తీగలను తెలిసిన మనిషి చేత మార్పించాం. బేరింగులు కొత్తవి వేయించాం. బజారులో చవకగా దొరికిన రంపం బిళ్ళ కొని బిగించాను.

మనవణ్ణి గుమ్మం బయట నిలబెట్టి, స్విచ్చి వేసి, రంపాన్ని లాగాను. చెక్కను తాకిందో లేదో, అది ఒక్క ఉదుటున నా మీదికి దూకింది! చెక్కలో ఇరుక్కుని మోటారు ఆగిపోయింది. నా ఎడమ చేయి దూరంగా ఉంది గనుక సరిపోయింది. గుండెలు దడదడలాడాయి.

“తాతయ్యా, దానికి కోపమెందుకు వచ్చింది?” అన్నాడు మనవడు.

బళ్ళో ముప్పై ఏళ్ళపాటు “ఎందుకు అని అడగండర్రా” అని చెప్పినవాణ్ణి, నేను మాత్రం అడగలేదు!

ఆ రాత్రి కూర్చుని ఆలోచించాను. సైకిలు వెనక చక్రం నేలను వెనక్కు నెడుతుంది. అందుకే సైకిలు ముందుకు పోతుంది. ఈ రంపం పళ్ళు కూడా అంతే. కింది పళ్ళు చెక్కను వెనక్కు నెడతాయి, రంపం మనవైపు ఉరుకుతుంది. నేను కొన్న బిళ్ళకు పళ్ళు ముందుకు వంగి ఉన్నాయి. అవి ఒక్కసారిగా ఎక్కువ చెక్కను కరిచాయి.

మర్నాడు పళ్ళు కాస్త వెనక్కు వాలిన బిళ్ళ తెచ్చాను. రంపం మీది తొడుగు సరిచేశాను. ఈసారి మోచెయ్యి వంచకుండా, లాగడానికి బదులు రంపాన్ని నిలవరిస్తూ మెల్లగా రానిచ్చాను. చెక్క వెన్నలా తెగింది. కోత కాగానే రంపాన్ని వెనక్కు నెట్టి, స్విచ్చి తీసి, బిళ్ళ పూర్తిగా ఆగేదాకా కదలలేదు.

మొదట కోసిన చెక్కలతో మనవడికి ఒక పీట చేశాను. వాడు దానిమీద కూర్చుని, “తాతయ్యా, రంపానికి కోపం పోయిందా?” అన్నాడు.

“కోపం దానిది కాదురా, తొందర నాది,” అన్నాను.