తలుపు తెరిచాక ఎక్కడుంటుంది?

మొన్న మార్చిలో మా పెద్దాడు గరాజ్ తలుపుని గుద్దేశాడు. లైసెన్సు వచ్చి పట్టుమని పది రోజులు కూడా కాలేదు. తలుపు పూర్తిగా పైకి లేవకముందే రివర్స్ గేరు వేశాడు. పొద్దున్నే దోసెలు పోస్తున్నదాన్ని, ఆ చప్పుడికి అట్లకాడతోనే పరిగెత్తాను. వాడికేమీ కాలేదు, కారుకి చిన్న సొట్ట. తలుపు కింది రెండు పలకలు మాత్రం అప్పడంలా వంగిపోయాయి. అలా మొదలైంది మా తలుపు కథ.

నిజానికి అంతకు ముందే ఇంట్లో కార్ల గొడవ ఒకటి నడుస్తోంది. మాది ఒహాయో. రెండు కార్ల గరాజ్. మా వారి ఎస్‌యూవీ ఒకవైపు, నా పాత కామ్రీ ఒకవైపు. పిల్లాడికి ఎయిర్‌బ్యాగులు ఎక్కువున్న కాస్త కొత్త కారుంటే నయమని, వాడికీ నాకూ కలిపి ఒక చిన్న సెడాన్ కొన్నాం. రాత్రిళ్ళు రోడ్డు మీద కారు పెడితే మా కాలనీ వాళ్ళు ఉత్తరం పంపిస్తారు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి పాత కార్ల అడుగు తుప్పు పట్టిపోతుంది. అందుకని మా వారు "కామ్రీ అమ్మేద్దాం" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. 2005లో కొన్నది, రెండు లక్షల మైళ్ళు దగ్గర పడింది.

నేను "ఊఁ" అన్నాను. కానీ ఫోటోలు తీసి పెట్టమంటే నెల రోజులు వాయిదా వేశాను.

పిల్లాణ్ణి ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నది ఆ కారులోనే. అది ఒకటి. అసలు కారణం మా నాన్న. నాన్న ఆర్టీసీలో డ్రైవరు. 2014 వేసవిలో ఒకే ఒక్కసారి అమెరికా వచ్చారు. మూడు నెలలూ ఆ కారు ముందు సీట్లో, నా పక్కన కూర్చుని, నేను ఎక్కడ మలుపు తిప్పినా కుడికాలితో లేని బ్రేకు తొక్కుతూనే ఉండేవారు. నాకు విసుగొచ్చి "నాన్నా, మీ కాలు కాస్త ఊరుకోనివ్వండి" అంటే, "అలవాటమ్మా, ముప్ఫై ఏళ్ళది" అనేవారు. 2021లో నాన్న పోయినప్పుడు నేను వెళ్ళలేకపోయాను. అప్పటి పరిస్థితులు మీకూ తెలుసు. పిల్లల ముందు ఏడవలేక, రాత్రి గిన్నెలు సర్దేసి, గరాజ్‌లో ఆ కారులో కూర్చునేదాన్ని. ఈ సంగతి మా వారికి తెలియదనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

తెలుసట. ఒకరోజు కాఫీ తాగుతూ, "అమ్మొద్దులే. లిఫ్ట్ పెట్టిద్దాం. దాన్ని పైకి ఎత్తేసి, కింద కొత్త కారు పెట్టుకుందాం" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేదు.

లిఫ్ట్ అంటే నాలుగు స్తంభాల మీద ఉండే ఒక పెద్ద మంచం లాంటిది. కారు దాని మీదకి ఎక్కిస్తే మోటారుతో పైకి వెళ్తుంది, కింద ఇంకో కారు పడుతుంది. మా గరాజ్ పైకప్పు 12 అడుగులు, కాబట్టి ఎత్తుకి ఇబ్బంది లేదని మా వారు తేల్చేశారు. ఎలాగూ తలుపు పాడైంది కాబట్టి అది ముందు వేయించేద్దామని ఒక కంపెనీ వాళ్ళని పిలిచారు. వచ్చినతను మా వారితో మోటారు గురించీ, వారంటీ గురించీ మాట్లాడాడు. నాకు మాత్రం రంగుల కార్డు ఇచ్చాడు. తెలుపా, బాదం రంగా, పైన కిటికీలు కావాలా అని. నేనూ బుద్ధిగా బాదం రంగు మీద వేలు పెట్టాను. లిఫ్ట్ గురించి మా వారు చెప్పారు కూడా. "నో ప్రాబ్లమ్" అన్నాడు. మర్నాడు అడ్వాన్సు కట్టాలి.

ఆ సాయంత్రం కూరగాయల సంచులు దింపుతూ, తెరిచి ఉన్న తలుపు కింద నిలబడి ఊరికే పైకి చూశాను. నాన్న మాట ఒకటి గుర్తొచ్చింది. అప్పట్లో బస్సుల పైన సామాను వేసేవారు కదా. "పొడుగూ వెడల్పూ ఎవడైనా చూస్తాడమ్మా, తల మీద కొమ్మ చూసేవాడే డ్రైవరు" అనేవారు. పైన నాకు పైకప్పు కనబడలేదు. తలుపు కనబడింది! మూసినప్పుడు గోడలా నిలబడే తలుపు, తెరిస్తే పట్టాల మీద లోపలికి జరిగి నెత్తి మీద అటకలా పడుకుంటుంది. మా 12 అడుగుల గరాజ్ తలుపు తెరవగానే ముందు భాగమంతా పొట్టిదైపోతోంది.

కుట్టు మిషను టేపు తెచ్చాను. నవ్వకండి, చేతికి అదే దొరికింది. పిల్లాణ్ణి నిచ్చెన ఎక్కించాను. నేల నుంచి తెరిచిన తలుపు అడుగు వరకు 7 అడుగుల 4 అంగుళాలు. కింద పెట్టే కారు ఎత్తు 57 అంగుళాలు, మధ్య ఖాళీ 3, లిఫ్ట్ పలక మందం 5, పైన కామ్రీ 59. కూడితే 124. అంటే 10 అడుగుల 4 అంగుళాలు. తలుపు తెరిచిన ప్రతిసారీ అది వచ్చి సరిగ్గా కామ్రీ వెనక భాగంలోకి దూరుతుంది.

మా వారికి లెక్క చూపిస్తే రెండు నిమిషాలు మాట్లాడలేదు. ఆ తర్వాత, "మరి ఆయన నో ప్రాబ్లమ్ అన్నాడే" అన్నారు. ఫోన్ చేసి నేనే అడిగాను. "తలుపు తెరిచాక ఎక్కడుంటుంది?" అని. అవతల కాసేపు నిశ్శబ్దం. ఆ అడ్వాన్సు కట్టలేదు.

ఇంకో చోట కనుక్కుంటే దానికి హై లిఫ్ట్ పట్టాలని వేరే ఉన్నాయన్నారు. మామూలుగా తలుపు గుమ్మం పై అంచు దగ్గరే లోపలికి మలుపు తిరుగుతుంది. వీటిలో పట్టాలు గోడ వెంటే ఇంకా పైకి వెళ్ళి, కప్పు దగ్గర పడ్డాక మలుపు తిరుగుతాయి. మా గుమ్మం 7 అడుగులు, దాని పైన 5 అడుగుల గోడ ఇన్నేళ్ళూ ఉత్తినే ఉంది. అందులో మూడున్నర అడుగులు వాడుకున్నారు. ఇప్పుడు తలుపు తెరిస్తే సగం గోడకే నిలబడి ఉంటుంది, మిగతా సగం కామ్రీ నెత్తికి కొన్ని అంగుళాల పైన పడుకుంటుంది.

పట్టాలు మారితే చాలదు. తీగ చుట్టుకునే డ్రమ్ములు, స్ప్రింగులు కూడా దానికి తగ్గవి వేయాలి. నడినెత్తిన వేలాడే పాత మోటారు, దాని పొడవాటి కడ్డీ తీసేసి, తలుపు పక్కన గోడకి బిగించే మోటారు పెట్టారు. ఖర్చు మామూలు తలుపు కన్నా ఎక్కువే అయింది. స్ప్రింగులు మాత్రం ఎవరూ ఇంట్లో ముట్టుకోకండి. విపరీతమైన బిగువులో ఉంటాయి, ఎముకలు విరుగుతాయి. మా వారు యూట్యూబ్ చూసి నేనే చేస్తానంటే ఒట్టు పెట్టించుకున్నాను.

ఇంకో రెండు షరతులు నావి. కారు పైకెత్తాక లిఫ్ట్‌ని దాని ఇనుప లాకుల మీద ఆనించాకే ఎవరైనా కిందకి వెళ్ళాలి. లిఫ్ట్ తాళం నా దగ్గరే ఉంటుంది, పోపుల డబ్బా వెనకాల. ఆ కింద ఎస్‌యూవీ ఎప్పుడూ పెట్టకూడదని పిల్లాడి చేతే గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను. లెక్కంతా సెడాన్‌కి కదా వేసింది.

జూన్‌లో పని పూర్తయింది. బాదం రంగే వేయించాను, పోనీ అదొక్కటైనా ముందనుకున్నట్టు అయింది. మొదటిసారి కామ్రీ పైకి వెళ్తుంటే మా వారు మీట పట్టుకుని, "చూడు, తగులుతుందేమో" అన్నారు. పిల్లాడు తలుపు తెరిచాడు. తలుపు చప్పుడు లేకుండా పైకి పాకి, కారు నెత్తి మీదుగా వెళ్ళి ఆగింది. నేను పైకే చూస్తూ నిలబడ్డాను. నా కుడికాలు నేలని గట్టిగా తొక్కుతోందని పిల్లాడు నవ్వితేగానీ తెలియలేదు.

ఆదివారాలు దించి, కాలనీ చుట్టూ ఒక చుట్టు తిప్పి మళ్ళీ ఎక్కిస్తున్నాం. మీ ఇంట్లోనూ ఎప్పుడైనా ఇలాంటి పని పడితే, రంగుల కార్డు మీ చేతికి ఇస్తారు. తీసుకోండి. కానీ టేపు కూడా మీరే పట్టుకోండి. తలుపుని మూసి ఉన్నప్పుడు కాదు, తెరిచి ఉన్నప్పుడు కొలవండి.